మావయ్య తెచ్చిన రైలు, నత్తనడక పాయింట్లు

మా మావయ్య ఓడల్లో ఇంజిన్ రూమ్‌లో పనిచేసేవాడు. 1970ల్లో ఒకసారి వాళ్ల ఓడ న్యూయార్కులో చాలా రోజులు ఆగిపోయిందట. ఊరికే తిరుగుతుంటే పాత సామాన్ల దుకాణంలో లయనెల్ కంపెనీ వాళ్ల బొమ్మ రైలు సెట్టు ఒకటి కనబడింది, బేరమాడి కొని దుప్పట్లో చుట్టి విశాఖ పట్టుకొచ్చాడు. ఇంజిన్ ఒకటి, డబ్బాలు ఐదు, చాలా పట్టాలు, వాటితోపాటు నాలుగు పాయింట్లు. రెండు ఎడమవి, రెండు కుడివి. పాయింట్లంటే బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించేవి, మా వాల్తేరు రైల్వే కాలనీ వాళ్లకి ఆ మాట చెప్పక్కర్లేదు. నేను రాస్తున్నది ఇంజిన్ గురించి కాదు, ఆ నాలుగు పాయింట్ల గురించే. ఇంజిన్ ఒక్క ఆదివారంలో నడిచింది. పాయింట్లు నాలుగు నెలలు తిన్నాయి.

చిన్నప్పుడు పండక్కి పండక్కి ఆ పెట్టె దింపేవాళ్లం. పాయింటు కాస్త బిగిసినట్టు ఉందనిపిస్తే మా నాన్న అమ్మ కుట్టుమిషన్ దగ్గర ఉన్న నూనె సీసా తెచ్చి, మూత సందులోంచి నాలుగు చుక్కలు వేసేవాడు. వెంటనే టక్కుమని తిరిగేది. మాకు అదో మంత్రంలా ఉండేది. ఈ నూనె సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత మేం పెద్దవాళ్లమయ్యాం, పెట్టె అటకెక్కింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పెదవాల్తేరులో మా ఇంటి పైన రేకులు లేచిపోయి అటకంతా తడిసింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఆ రోజుల్లో రైలు బొమ్మ గురించి ఎవరు ఆలోచిస్తారు? ఆరాక అట్టపెట్టె మార్చి మళ్లీ అక్కడే పెట్టేశాం. పోయిన ఏడాది మావయ్య మనవడు సెలవులకి వస్తున్నాడని, 'ఒరేయ్, ఆ రైలు ఉందా, పారేశారా' అని మావయ్య ఫోన్ చేసి అడిగేసరికి నాకు సిగ్గేసింది. దింపాను.

పట్టాలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. పాయింట్లు మాత్రం పైకి బాగానే కనిపించాయి. అడుగున రేకు మీద 022 అని నెంబరు ఉంది. లయనెల్ కంపెనీని జాషువా లయనెల్ కోవెన్ 1900లో న్యూయార్కులో మొదలుపెట్టాడు. ఈ 022 రకం పాయింట్లు 1938లో వచ్చాయి, యుద్ధం కారణంగా 1942లో అమెరికాలో బొమ్మల తయారీ ఆగిపోయి, యుద్ధం అయ్యాక మళ్లీ మొదలైంది. మావి యుద్ధం తర్వాతవే అనుకుంటున్నాను. ఏదైనా నాకంటే పెద్దవి.

ముందు కరెంటు గొడవ తేల్చుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ మీద 115 వోల్టులు, 60 సైకిల్స్ (అంటే హెర్ట్జ్) అని ఉంది. మనది 230 వోల్టులు, 50 సైకిల్స్. చిన్నప్పుడు మావయ్య తెచ్చిన, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టెతో నడిపేవాళ్లం, ట్రాన్స్‌ఫార్మర్ పెనంలా కాలేది, అది సహజమే అనుకున్నాం. సహజం కాదు. 60 సైకిల్స్‌కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ని అదే వోల్టేజీతో 50 మీద నడిపితే లోపలి ఇనుము మీద భారం ఐదో వంతు పెరుగుతుంది, దాంతో వేడెక్కుతుంది. ఆ లెక్కన 115కి బదులు దాదాపు 96 వోల్టులే ఇవ్వాలి. కంచరపాలెంలో మోటార్లు చుట్టే ఒకాయన దగ్గరికి వెళ్లి చెబితే, పాత స్టెప్‌డౌన్ విప్పి చుట్ల మధ్యలోంచి 95 వోల్టుల దగ్గర ఇంకో వైరు (దాన్నే ట్యాపింగ్ అంటారు) తీసి ఇచ్చాడు. పిండిలా రాలిపోతున్న పాత వైరు కూడా మార్పించాను. ఇలాంటి పాత సామాను దొరికినవాళ్లు దయచేసి ముందు ఆ వైరు చూడండి, ప్లగ్గులో పెట్టడం తర్వాత.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంది, కానీ దానివల్ల బయటికొచ్చే వోల్టేజీ కూడా ఆ మేరకు తగ్గుతుంది కదా. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

హాల్లో చాప తీసేసి నేలమీద పట్టాలు పరిచాను. ఇంజిన్ తిరుగుతోంది. పాయింటు మీట నొక్కాను. 'ఊ...' అని మూలిగింది, మధ్యలో కదిలే పట్టా సగం దాకా వచ్చి ఆగింది, ఒక క్షణం ఆలోచించుకున్నట్టు ఉండి అప్పుడు వెళ్లి తగిలింది. రెండోది అసలు కదల్లేదు, వేలితో తోస్తే కదిలింది. మూడోది ఎడమకి బాగానే పోయి, కుడికి రానంది. నాలుగోది ఇటూ అటూ టకటకా కొట్టుకుంటూ ఏడ్చింది, మీట ముట్టుకోకుండానే. నాలుగూ నాలుగు జబ్బులు. అప్పుడు నాకది తెలియలేదు, అన్నిటిదీ ఒకటే జబ్బు అనుకున్నాను.

నేను చేసిన మొదటి తప్పు, వోల్టేజీ పెంచడం. రెండోది, మా నాన్న కొడుకుని కదా, తుప్పు వదిలించే స్ప్రే ఒకటి తెచ్చి మూత సందులోంచి బాగా కొట్టాను. అబ్బ, ఏం తిరిగాయో! రెండు రోజులు. మూడో రోజు మొదటిది మళ్లీ మూలగడం మొదలుపెట్టింది. తిరిగేదాకా చూద్దామని మీట నొక్కి పట్టుకుని కూర్చున్నాను, పది సెకన్లో, పదిహేనో. సన్నగా పొగ లేచింది, వార్నిష్ కాలిన వాసన. వంటింట్లోంచి మా ఆవిడ 'ఏం మాడ్చారు?' అంది. కాయిల్ మాడ్చాను.

ఆ రాత్రి మా బాబాయికి ఫోన్ చేశాను. బాబాయి రైల్వేలో సిగ్నల్ డిపార్టుమెంటులో ముప్ఫై ఏళ్లకు పైగా చేసి రిటైరైన మనిషి. అంతా విని, 'ఏట్రా, పాయింటు తిరక్కపోతే కరెంటు పెంచీసేవా? లోపల అడ్డం ఏటుందో చూడవా ముందు?' అన్నాడు. ఆయన ఉద్యోగంలో ఎంతమందిని ఇలా తిట్టాడో తెలీదు గానీ ఆ మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. మర్నాడు విప్పడానికి కూర్చున్నాను.

విప్పేముందు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. లయనెల్ పట్టాల్లో మూడు కమ్మీలుంటాయి. మధ్య దాంట్లో కరెంటు, బయటి రెండూ తిరుగుదారి. అంతా ఏసీ కరెంటే. పాయింటు పక్కన ఉండే పెట్టెలో ఒక గొట్టం మీద పక్కపక్కన రెండు కాయిల్స్ చుట్టి ఉంటాయి, గొట్టంలో ఒక ఇనప కడ్డీ. ఈ కాయిల్‌కి కరెంటు వస్తే ఇటు, ఆ కాయిల్‌కి వస్తే అటు జారుతుంది. ఆ కడ్డీకి పళ్లున్న ఒక పట్టీ తగిలించి ఉంటుంది, పట్టీ పళ్లు చిన్న చక్రాన్ని తిప్పితే మధ్యలో ఉన్న కదిలే పట్టా ఇటూ అటూ తిరుగుతుంది, పైన ఎర్ర, ఆకుపచ్చ లాంతరు కూడా దాంతోపాటే తిరుగుతుంది. కాయిల్స్‌కి ఒక కొసన ఎప్పుడూ కరెంటు సిద్ధంగా ఉంటుంది. రెండో కొసను బయటి కమ్మీకి కలిపితే చాలు, లాగుతుంది. మీట చేసే పని ఆ కలపడమే.

అసలు తెలివి ఇక్కడుంది. పట్టీ చివరిదాకా వెళ్లగానే దానిమీదున్న కాంటాక్టు జారి, లాగిన కాయిల్‌కి కరెంటు దానంతటదే ఆగిపోతుంది, ఇంకోదాన్ని సిద్ధం చేసి పెడుతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న 022ని గంటసేపు నొక్కి పట్టుకున్నా ఏమీ కాదు. కానీ పట్టీ చివరి ఒక్క మిల్లీమీటరు వెళ్లలేకపోయిందనుకోండి, కాంటాక్టు విడదు, కరెంటు ఆగదు, కాయిల్ మూలుగుతూనే ఉంటుంది, కాలిపోతుంది. నాది కాలింది అందుకే. నెమ్మదిగా తిరగడం అనేది చూడ్డానికి చిన్న సమస్యలా ఉంటుంది గానీ ఈ రకంలో అది నేరుగా పొగకి దారి.

విప్పడం పెద్ద పనేం కాదు. లాంతరు పైకి లాగితే వస్తుంది, మూతకి రెండు స్క్రూలు. అడుగు రేకుకి మాత్రం చాలా ఉన్నాయి, అన్నీ ఒకే పొడవు కాదు. ఏ స్క్రూ ఎక్కడిదో కలిసిపోకుండా ఇడ్లీ రేకు తెచ్చి ఒక్కో గుంటలో ఒక్కో చోటివి వేసుకున్నాను. మా ఆవిడ చూసి ఇంకో ఇడ్లీ స్టాండు కొనుక్కోమంది, కొన్నాను, ఇప్పుడది నా పనిముట్ల పెట్టెలోనే ఉంటుంది. స్క్రూలు పాతకాలపు ఒక గీత తలవి, సరైన వెడల్పున్న స్క్రూడ్రైవర్ లేకుండా ముట్టుకుంటే ఆ గీత చెదిరిపోతుంది. రెండు అలాగే పోగొట్టాను. పాయింటు ఒళ్లు నల్లటి గట్టి ప్లాస్టిక్, బిస్కట్‌లా పుటుక్కున విరిగే రకం, బిగించేటప్పుడు బలం చూపించకూడదు. కదిలే పట్టా అడుగున చిన్న స్ప్రింగు రేకులుంటాయి, విప్పేముందే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. నేను మొదటిదానికి తీసుకోలేదు. రెండోదాన్ని చూసి మొదటిది బిగించాను.

లోపల ఏముంది? మా నాన్న పోసిన నూనె. నలభై ఏళ్లలో అది నూనెగా మిగల్లేదు, బెల్లం పాకంలా గోధుమ రంగు జిగురై, దుమ్మంతా పట్టుకుని, పళ్ల పట్టీనీ గొట్టాన్నీ కలిపి అతికించేసింది. దాని మీద నేను కొట్టిన స్ప్రే ఆ జిగురుని రెండు రోజులు పల్చన చేసి, గొట్టం లోపలికి ఇంకా బాగా పాకేలా చేసి, తర్వాత అక్కడే ఆరింది. కడ్డీ గొట్టంలో పొడిగా జారాలి, నూనె అక్కడ అక్కర్లేనే లేదు. పాపం నాన్న మంచికే పోశాడు. ఆ నాలుగు చుక్కలకి తిరిగినప్పుడల్లా మేం చప్పట్లు కొట్టాం కూడా.

కరోనా రోజుల్లో చేతులు తుడుచుకోవడానికి కొన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా సగం మిగిలి ఉంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లలు, పాత టూత్‌బ్రష్, నూలుగుడ్డ. అంతే సరంజామా. కడ్డీ బయటికి తీసి తళతళలాడేదాకా తుడిచాను. గొట్టంలోకి ఆల్కహాల్ తడిపిన దూదిపుల్ల దూర్చి తిప్పితే మొదటి పదీ నల్లగా, తర్వాత కాఫీ రంగులో వచ్చాయి, తెల్లగా వచ్చేసరికి ఒక ప్యాకెట్ అయిపోయింది. కాయిల్ తీగ మీదున్న వార్నిష్‌కి తగలకుండా చూసుకోవాలి, తడపడమంటే ముంచడం కాదు. కిటికీలు తెరిచి, గ్యాస్ పొయ్యికి దూరంగా చేయండి. స్టీలు పీచు జోలికి మాత్రం పోకండి. దాని పొడి ఎక్కడ ఇనుముంటే అక్కడ చేరుతుంది, ఇంజిన్ మోటారు అయస్కాంతానికి అతుక్కుంటే అదింకో జబ్బు.

పూర్తిగా ఆరాక చేత్తో ఒక పరీక్ష చేశాను. పాయింటుని నిలువుగా ఒక పక్కకి ఎత్తితే కడ్డీ దాని బరువుకే జారి కింద పడాలి. పడింది. తర్వాత పళ్ల పట్టీ పళ్ల మీద, చక్రం ఇరుసు దగ్గర మాత్రం అగ్గిపుల్ల కొసతో ఆవగింజంత తెల్ల గ్రీజు పెట్టాను. అంతకు మించి ఎక్కడా ఏమీ వేయలేదు.

కాంటాక్టుల దగ్గర ఇంకో ఆశ్చర్యం. రాగి రేకుల మీద పచ్చటి చిలుము. సముద్రానికి ఇంత దగ్గర ఉన్నాక ఇత్తడి, రాగి ఎక్కడున్నా అదే గతి, మా ఇంటి తలుపు గడియలు చూస్తే తెలుస్తుంది. ఎమరీ కాయితం చాలా సన్నటిది, 1000 నెంబరు పైన, చిన్న ముక్క చించి రేకుకీ రేకుకీ మధ్య పెట్టి రెండు మూడుసార్లు లాగాను. తర్వాత మామూలు తెల్లకాయితం ముక్క ఆల్కహాల్‌లో తడిపి అలాగే లాగితే మురికి కాయితానికి అంటుకొచ్చింది. రేకులు వంచాలని చెయ్యి దురద పెడుతుంది. ఒకదాన్ని వంచాను, అది ఎక్కువ నొక్కి పట్టీకే అడ్డం పడింది, మళ్లీ వెనక్కి వంచడానికి అరగంట పట్టింది.

ఇక మాడిన కాయిల్. మల్టీమీటర్‌తో చూస్తే ఒకే గొట్టం మీదున్న రెండు కాయిల్స్ దాదాపు సమానంగా చూపించాలి. మాడినది రెండోదాంట్లో సగం కూడా చూపించలేదు, అంటే లోపల చుట్లు ఒకదానికొకటి తగులుకున్నాయి. మళ్లీ కంచరపాలెం. ఆయన అంత చిన్న కాయిల్ ఎప్పుడూ చుట్టలేదట, 'ఇదేంటండీ, ఫ్యాన్‌దా?' అన్నాడు. రైలుది అంటే నవ్వి, 'రైలుదా, నా చేతిలో ఇంతేనా కనబడుతోంది' అన్నాడు. పాత తీగ విప్పుతూ చుట్లు లెక్కపెట్టమన్నాను, తీగ లావు కొలిచి అదే సైజు తీగ వేయమన్నాను. ఆయన కొంచెం లావు తీగ వేస్తే కాలదు కదా అని సలహా ఇచ్చాడు గానీ ఒప్పుకోలేదు. లావు తీగ వేస్తే అన్ని చుట్లు పట్టవు, నిరోధం తగ్గి కరెంటు ఎక్కువ లాగుతుంది, రెండు పక్కలా బలం సమానంగా ఉండదు. మొత్తానికి వారం తర్వాత ఇచ్చాడు, తీసుకున్న డబ్బు కంటే పట్టిన ఓపిక ఎక్కువ. ఆ కాయిల్‌కి వచ్చే వైర్లు కూడా పెళుసెక్కి రాలుతున్నాయి కాబట్టి నాలుగు పాయింట్లలోనూ మెత్తటి సిలికాన్ వైర్లు వేసి చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో అతికించాను.

అంతా బిగించి నడిపితే మొదటి రెండూ బాగున్నాయి. బాగున్నాయి అంటే, బండి జోరుగా పోతున్నప్పుడు. బండిని నెమ్మదిగా నడిపినప్పుడు మళ్లీ అదే మూలుగు. ఇక్కడ రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. తర్వాత వెలిగింది: పాయింటు కాయిల్స్‌కి కరెంటు మధ్య కమ్మీ నుంచే వస్తోంది. బండిని తగ్గిస్తే పాయింటుకీ తగ్గుతుంది. దానికి తోడు నేను 95 వోల్టుల ట్యాపింగ్‌తో ట్రాన్స్‌ఫార్మర్‌ని ముందే బక్కచిక్కించాను. సోలినాయిడ్‌కి, అంటే ఇలాంటి కాయిలూ కడ్డీ జతకి, వోల్టేజీ సగమైతే బలం సగం కాదు, దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. ఇంక మూలగక ఏం చేస్తుంది?

దీనికి లయనెల్ వాళ్లే దారి పెట్టారు. 022 పెట్టె పక్కన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో ప్రత్యేకమైన పిన్ను గుచ్చితే మధ్య కమ్మీతో సంబంధం తెగి, పిన్ను వైరు ద్వారా ఇచ్చిన స్థిరమైన వోల్టేజీ తీసుకుంటుంది. ఆ పిన్నులు మా సెట్టులో లేవు, న్యూయార్కులోనే ఉండిపోయి ఉంటాయి. ఇత్తడి మేకుని రంధ్రానికి సరిపడా ఆకురాయితో అరగదీసి, పైన వైరు అతికించి, వేడిచేస్తే ముడుచుకునే స్లీవు తొడిగాను. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో 9-0-9 ట్రాన్స్‌ఫార్మర్, 5 యాంపులది తీసుకున్నాను, మధ్య వైరు వదిలేసి రెండు కొసల మధ్య 18 వోల్టులు. ఒక కొస నాలుగు పిన్నులకీ, రెండోది బయటి కమ్మీకి.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే బయటి కమ్మీని పంచుకుంటున్నప్పుడు ఒక జాగ్రత్త ఉంది. రెండిటిలోనూ బయటి కమ్మీకి కలపని కొసల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. తేడా రెండు మూడు వోల్టులు చూపిస్తే రెండూ ఒకే తాళంలో ఉన్నట్టు. ముప్ఫై దాటి చూపిస్తే ఎదురెదురుగా ఉన్నాయి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ 18 వోల్టుల కొసలు అటుదిటు చేయాలి. నాది మొదట ముప్ఫై మూడు చూపించింది. మన అదృష్టం అలాగే ఉంటుంది కదా.

మార్చాక మొదటి పాయింటు మీట నొక్కితే ఎలా తిరిగిందంటే, సోఫాలో నిద్రపోతున్న మా పిల్లి లేచి గదిలోంచి వెళ్లిపోయింది.

మూడోదానికి శుభ్రం చేయడం సరిపోయింది, కుడివైపు కాంటాక్టు చిలుమే దాని జబ్బు. నాలుగోది మాత్రం లోపల అద్దంలా తుడిచినా కొట్టుకోవడం మానలేదు. మోటారు, అంటే ఆ కాయిల్స్ ఉన్న పెట్టె, మళ్లీ విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. పట్టాల్లోంచి ఊడదీసి బల్లమీద పెట్టి వైర్లతో నడిపితే బంగారంలా పనిచేస్తుంది. పట్టాల్లో కలిపితే టకటకటక. బాబాయికి చెబితే, 'మోటారు బాగుంటే మోటార్నెందుకు విప్పుతున్నావు, బయట చూడు' అన్నాడు.

బయట ఉన్నదేమిటంటే, ఈ పాయింట్లకి ఇంకో తెలివి ఉంది. చీలిన రెండు దారుల్లోనూ ఒక్కో చిన్న కమ్మీ ముక్క మిగతా బయటి కమ్మీతో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. బండి ఆ దారినుంచి వస్తే, చక్రాలు ఆ ముక్కని ఎదురు కమ్మీకి కలుపుతాయి, అంటే మీట నొక్కినట్టే, పాయింటు దానంతటదే బండికి అనుకూలంగా తిరిగిపోతుంది. బండి పట్టాలు తప్పదు. 1938 నాటి బొమ్మకి ఇంత బుద్ధి! అయితే ఆ ముక్క చివర పక్క పట్టాతో కలిపేచోట ఇనప పిన్ను ఉండకూడదు, కరెంటు పారని ఫైబర్ పిన్ను ఉండాలి. నా నాలుగో పాయింటుకి ఒక పక్క ఫైబర్ పిన్ను పోయి, ఎవరో, ఎవరో ఏంటి, చిన్నప్పుడు నేనే అయ్యుంటాను, ఇనప పిన్ను పెట్టారు. రెండో పక్క ఫైబర్ పిన్ను ఉంది గానీ హుద్‌హుద్ నీళ్లకి ఉబ్బి, దాని చుట్టూ తుప్పు పేరుకుని రెండు పట్టాలనీ కలిపేసింది. రెండు పక్కలా మీట నొక్కే ఉన్నట్టు లెక్క. ఇటు తిరగ్గానే అటు లాగుతుంది, అటు తిరగ్గానే ఇటు. అది కొట్టుకోక ఏం చేస్తుంది. నేను దాన్ని మూడుసార్లు పొట్ట కోసి చూశాను, జబ్బు కాలి వేలిలో ఉంది.

ఫైబర్ పిన్నులకి అమెరికా నుంచి తెప్పించాలా అనుకుంటుంటే, మా అక్క ఎప్పుడో ఉత్సాహంగా కొని వదిలేసిన ఊలు అల్లే ప్లాస్టిక్ సూదులు కనిపించాయి. ముక్కలు కోసి, కొస కొద్దిగా సానపెడితే సరిగ్గా కూర్చున్నాయి. వెదురు టూత్‌పిక్ కూడా పనికొస్తుంది గానీ మన ఊరి తేమకి అది నీళ్లు పీలుస్తుంది. ఎనిమిది పిన్నులూ మార్చేశాను, అక్కకి ఇంకా చెప్పలేదు.

బల్బుల గురించి రెండు ముక్కలు. లాంతరు లోపల 18 వోల్టుల 1445 నెంబరు బల్బు ఉండాలి. మాదాంట్లో ఒకదాంట్లో ఎవరో తక్కువ వోల్టుల బల్బు పెట్టారు, అది ఎక్కువ వెలిగి, వేడికి పైనున్న లాంతరు వంకరపోయింది. ఆ వంకర లాంతరు మూతకి రాసుకుని పాయింటు తిరగడానికి కూడా కొంచెం అడ్డం పడుతోంది. ఇంత చిన్నదానికి అంత చరిత్ర.

ఇప్పుడు చేస్తున్నది ఏమీ లేదు, ఆదివారం పొద్దున ఒక్కో పాయింటునీ ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పుతాను, బండి నడిపినా నడపకపోయినా. తిప్పుతుంటే కాంటాక్టులు వాటంతటవే రాసుకుని శుభ్రంగా ఉంటాయి. పట్టాలు పొడిగుడ్డతో తుడిచి, నెలకొకసారి ఆల్కహాల్‌తో. తీసి పెట్టేటప్పుడు మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మందుల సీసాల్లో చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి పడేస్తున్నాను. వానాకాలంలో వాటిని పెనం మీద కాస్త వేడిచేసి మళ్లీ వేస్తాను. అటక మీదికి మాత్రం పంపను.

మావయ్య మనవడు వచ్చిన రోజు బాబాయి కూడా వచ్చాడు. పిల్లాడు ఇంజిన్ చూస్తున్నాడు, బాబాయి మోకాళ్లమీద కూర్చుని పాయింట్లు చూస్తున్నాడు. 'మధ్యలో ఈ మూడో పట్టా ఏటి, దండగ' అని మొదలుపెట్టి, గేజు, అంటే బయటి పట్టాల మధ్య దూరం, ఎంత అని అడిగాడు. అంగుళంపావు, 48వ వంతు నమూనా అన్నాను. వేళ్లమీద లెక్కేసి, 'అంటే అయిదడుగులు. అమెరికా వాళ్ల పట్టాలు నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, మనవి అయిదున్నర అడుగులు. ఇది అటూ కాదు ఇటూ కాదు' అన్నాడు. తర్వాత జేబులోంచి ఒక విజిటింగ్ కార్డు తీసి నాలుగు మడతలు పెట్టి, కదిలే పట్టాకీ పక్క కమ్మీకీ మధ్య దూర్చి, 'తిప్పు' అన్నాడు.

అసలు రైల్వేలో ఇది మామూలుగా చేసే పరీక్షే. పాయింటులో కదిలే పట్టాకీ (టంగ్ రైలు) కదలని పక్క పట్టాకీ (స్టాక్ రైలు) మధ్య 5 మిల్లీమీటర్ల అడ్డం పెట్టి మోటారు తిప్పితే, అది లాక్ కాకూడదు, సిగ్నల్‌కి సరిగ్గా పడినట్టు కబురు వెళ్లకూడదు. అడ్డం ఉన్నంతసేపూ మోటారు కాలిపోకుండా లోపల క్లచ్ జారుతుంది.

నొక్కాను. కార్డు దగ్గర ఆగి, 'ఊ...' అని మూలిగింది. వెంటనే చెయ్యి తీసేశాను, ఆ పొగ వాసన ఇంకా గుర్తుంది కదా.

'లాక్ అవలేదు, అది రైటే' అన్నాడు బాబాయి. 'మరి క్లచ్ ఏదిరా?'

లేదు అన్నాను.

'ఫ్యూజైనా లేదా?'

అదీ లేదు.

'ఫెయిల్' అని కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం మళ్లీ డాబాగార్డెన్స్ వెళ్లి నాలుగు ఫ్యూజు హోల్డర్లు తెచ్చాను, పాయింటుకొకటి.